పంతులమ్మ సావిత్రీబాయి ఫూలే

మహారాష్ట్ర దేశమున తరతరములుగా నివసించుచున్న మన తెలుగు బాలబాలికలకు సావిత్రీబాయి ఫూలే పేరు క్రొత్తది కాదు. ప్రతి సంవత్సరము జనవరి 3వ తేదీని, ఆమె జయంతినాడు, రాష్ట్రమందలి పాఠశాలలలో ఆమె చిత్రపటమునకు పూలమాల వేయుదురు. మాల వేసిన చేతులకు ఆమె చేసిన పని యేదో తెలియవలెను గదా! ఆడపిల్లలకు చదువు చెప్పినదని ఒక్క వాక్యముతో ముగించుట వాడుక. అది సత్యమే గాని సగము సత్యము. ఒక పిల్ల వేరొక పిల్ల ప్రక్కను కూర్చుండుటకు రోయుచుండిన కాలమున, ఆ రోతను పసితనముననే పోగొట్టవచ్చునని నమ్మి, ఆ నమ్మకముతో దాదాపు ఏబది సంవత్సరములు పనిచేసిన స్త్రీ ఆమె. ఆ రెండవ సగమును గూర్చియే మేమిచ్చట ముచ్చటింపదలచితిమి. ఆ కథలో మన తెలుగువారికిని కొంత పాలు గలదు. అది తన చోట వచ్చును.

సావిత్రీబాయి 1831వ సంవత్సరము జనవరి 3వ తేదీని సతారా జిల్లా నాయ్‌గావ్ గ్రామమున జన్మించెను. తండ్రి ఖండోజీ నేవసే, తల్లి లక్ష్మి. వారు మాలీలు, అనగా తోటపని చేయువారు. పసితనమున శిరవళ్ సంతలో ఒక దొర ఆమెకొక పుస్తకమిచ్చెననియు, చదువనేరకపోయినను ఆమె దానిని పదిలముగా దాచుకొనెననియు ఒక కథ చెప్పుదురు. అది ఎట్లున్నను, అత్తవారింట అడుగుపెట్టునాటికి ఆమెకు అక్షరము ముక్క రాదు. 1840లో, తొమ్మిదవయేట, ఆమెకు పూణె నివాసియగు జోతీరావు ఫూలేతో వివాహమయ్యెను. వరునికి పదమూడేండ్లు.

జోతీరావు చదువు సైతము ఒకసారి తెగి మరల అతుకుకొన్నదే. ఆయన తండ్రి గోవిందరావు దుకాణమున నుండిన ఒక గుమాస్తా, తోటమాలి కొడుకునకు చదువెందులకు, చదివినచో పొలముపని చెడునని బోధింపగా, ఆ తండ్రి కుఱ్ఱని బడి మాన్పించెను. తరువాత గఫార్ బేగ్ మున్షీ అను మహమ్మదీయ పండితుడును, లిజిట్ అను దొరయు, ఈ బాలుని బుద్ధి మట్టిలో కలియరాదని తండ్రికి నచ్చజెప్పి 1841లో స్కాటిష్ మిషన్ పాఠశాలకు మరల పంపించిరి. ఒకరి దురభిప్రాయము ఒక పసివాని బ్రతుకును ఎంతవరకు మళ్ళింపగలదో, ఒకరి సద్భావము దానిని మరల ఎట్లు నిలుపగలదో ఆ యింటివారికి అనుభవము వలననే తెలిసెను.

ఆ చదువుకొన్న భర్త తన భార్యకు అక్షరములు నేర్పెను. తోటలో మామిడిచెట్టు నీడను, పుల్లతో నేలమీద వ్రాయించి నేర్పెనని చెప్పుదురు. ఆమెతోపాటు, తల్లిలేని జోతీరావును పెంచిన సగుణాబాయి క్షీరసాగర్ అను బంధువురాలును చదువుకొనెను. అత్తయింటి కోడలు పలక పట్టుట ఆనాడు సామాన్య విషయము కాదు. స్త్రీ చదివినచో భర్త విస్తరిలోని అన్నము పురుగులగునని నమ్మువారుండిరి! మనమిప్పుడు నవ్వుకొందుము గాని, ఆ మాట నమ్మినవారు నవ్వులాటకు నమ్మలేదు. భయముతో నమ్మిరి. భయమును నవ్వి పోగొట్టుట కష్టము. సావిత్రీబాయి నవ్వలేదు, వాదమునకు దిగలేదు. చదివి చూపించెను. పిదప పూణెలో మిచెల్ దొరసాని నడపిన ఉపాధ్యాయ శిక్షణాలయమందును, అహమ్మదునగరులో మిస్ ఫరార్ నడపిన శిక్షణాలయమందును బోధనా పద్ధతి నేర్చుకొనెను.

1848లో జోతీరావు ఒక బ్రాహ్మణ మిత్రుని పెండ్లి ఊరేగింపులో నడచుచుండగా, శూద్రుడవు మాతో సమముగా నడచుటకు నీకెంత ధైర్యమని కొందరు ఆయనను అవమానించి వెడలగొట్టిరి. అవమానము పొందినవాడు పగబూని ఊరకుండుట లోకసహజము. ఆయన బడి తెరచెను. ఆ సంవత్సరముననే పూణె బుధవారపేటలో భిడే వారి యింట బాలికా పాఠశాల మొదలయ్యెను. ఆ పాఠశాలకు ఉపాధ్యాయిని పదునేడేండ్ల సావిత్రీబాయి.

ఇచ్చట మన పిల్లలు ఒక విషయము గమనింపవలెను. ఇల్లిచ్చిన తాత్యాసాహెబు భిడే బ్రాహ్మణుడు. పాఠశాలల పనిలో జోతీరావునకు కుడిభుజముగా నిలిచిన సదాశివ గోవండే, మోరో విఠల్ వాళవేకర్ అను మిత్రులును బ్రాహ్మణులే. పాఠశాలను తిట్టినవారిలోను ఆ కులమువారే అధికము. ఒక్క కులములో నుండియే పేడ విసరిన చేతులును వచ్చెను, ఇంటి తాళము చెవి యిచ్చిన చేతులును వచ్చెను. కులము పేరు విని మనిషిని నిర్ణయించువారికి ఈ సంగతి జీర్ణము కాదు. ఫూలే దంపతులకు మాత్రము అది నిత్యానుభవము.

పేడ సంగతి వట్టి అలంకారముగా వ్రాయలేదు. ఆమె బడికి నడచిపోవునపుడు వీథులలో కొందరు తిట్టుచు మీద పేడయు, బురదయు, రాళ్ళును విసరుచుండిరి. ఆమె సంచిలో మరియొక చీర పెట్టుకొని పోయి, బడి చేరి మైలచీర మార్చుకొని పాఠము మొదలుపెట్టెడిది. సాయంకాలము మరల పాతచీర కట్టుకొని అదే వీథిని ఇంటికి వచ్చెడిది. మాకు ఆ రెండు చీరల సంగతియే ఆమె చరిత్రలోనెల్ల గొప్పదిగా తోచును. వీథిలో జరిగినది బడిలోనికి రానీయకుండుటకు ఆమె చేసిన ఏర్పాటు అది. తిట్లు తిన్న పంతులమ్మ కోపము పిల్లలపై చూపదా? చూపినచో ఆ పిల్లలేమి నేర్తురు? గడపలో చీరతోపాటు మనసును గూడ ఆమె మార్చుకొనియుండవలెను. అందులకెంత నిబ్బరము కావలెనో బడి నడపువారికి ఎరుకే.

వీథిలోనివారు చాలక ఇంటివారును ఎదురు తిరిగిరి. ఊరివారి ఒత్తిడికి లొంగి గోవిందరావు, బడియో ఇల్లో తేల్చుకొమ్మనెను. 1849లో భార్యాభర్తలు కట్టుబట్టలతో ఇల్లు విడచిరి. వారికి తలదాచుకొన చోటిచ్చినవాడు ఉస్మాన్ షేక్ అను మహమ్మదీయ మిత్రుడు. ఆ యింటి ఆడపడుచు ఫాతిమా షేక్ సావిత్రీబాయికి బోధనలో తోడైనదని చెప్పుదురు. 1856లో సావిత్రీబాయి భర్తకు వ్రాసిన ఒక లేఖలో, తాను లేకపోవుటచే ఫాతిమాకు పని భారము పెరిగియుండునను చింత కనబడును. హిందువుల పిల్లలకు మహమ్మదీయ స్త్రీ పాఠము చెప్పుట, వారు ఆమె చేతి పలక అందుకొనుట! దీనికి మించిన పాఠ్యపుస్తకమేమున్నది?

మొదటి పాఠశాల కొంతకాలమునకు మూతపడినను, పట్టుదల సడలలేదు. 1851 జూలై 3వ తేదీని చిప్లూణకరు వారి మేడలో మరల బాలికా పాఠశాల తెరచిరి. తొలినాడు ఎనమండుగురే వచ్చిరి. అదే సంవత్సరమున రాస్తాపేటలోను, 1852 మార్చిలో వేతాళపేటలోను మరి రెండు పాఠశాలలు వెలసెను. చదువుట, వ్రాయుట, లెక్కలు, వ్యాకరణము, భూగోళము, దేశపటములు చూచుట, చరిత్ర, నీతికథలు బోధించుచుండిరి. 1852 నవంబరులో విశ్రాంబాగ్ మేడలో ప్రభుత్వమువారు సభచేసి జోతీరావునకు శాలువలు కప్పి సన్మానించిరి. 1853 ఫిబ్రవరిలో జరిగిన బాలికల పరీక్షలను చూచుటకు జనము క్రిక్కిరిసి, లోపల చోటు చాలక వెలుపల నిలిచిరట. ఐదేండ్ల క్రిందట పేడ విసరిన ఊరే గదా అది! చూడవచ్చిన వారందరును మారినవారని మేమనము. కాని చూచుటకు వచ్చుటయే మొదటి మెట్టు.

ఆ దినములలోనే మహర్, మాంగ్ కులముల పిల్లలకును పాఠశాలలు పెట్టి, వాటి పోషణకై 1853లో ఒక సంఘము స్థాపించిరి. తెలుగునాట మాల మాదిగ సోదరులు అంటరానివారుగా ఎట్లు వెలిచూపబడిరో, మరాఠీదేశమున మహర్, మాంగులును అట్లే వెలిచూపబడిరి. వారిలో వారికిని ఎక్కువ తక్కువలు లేకపోలేదు. ఒకరి ముంత ఒకరు తాకరు. అట్టి రెండు కులముల పిల్లలను ఒక కప్పు క్రింద, ఒక పంతులమ్మ ముందు కూర్చుండబెట్టుట చిన్న పని కాదు. లహూజీ సాళ్వే అను మాంగు వస్తాదు, అనగా తాలీమువద్ద కుస్తీ నేర్పు గురువు, ఇంటింటికి తిరిగి పిల్లలను బడికి పంపుమని తలిదండ్రులను ఒప్పించుచుండెడివాడు. ఈ పిల్లలకు వేరుగా పాఠశాలలు ఎందులకు, అందరును ఒక్క బడిలో చదువరాదా యని నేటి పాఠకులడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఒక్క బడి పెట్టినచో ఆనాడు రెండు తరగతుల పిల్లలును రాకపోయి యుందురు. ఉన్న మెట్టుపై నిలిచి తరువాతి మెట్టు కట్టిరని మా అభిప్రాయము.

ఆ బడి ఫలమేమో తెలిసికొనుటకు ముక్తా సాళ్వే అను పిల్లను చూడవలెను. ఆమె మాంగు కులమున పుట్టినది, ఫూలే పాఠశాలలో మూడేండ్లు చదివినది, పదునాలుగేండ్లది. మాంగ్ మహర్ల దుఃఖమును గూర్చి ఆ పిల్ల వ్రాసిన వ్యాసమును 1855లో జ్ఞానోదయ పత్రిక రెండు సంచికలలో ప్రకటించెను. తమవారిని నేలనుండి వెడలగొట్టిన పూర్వకాలపు క్రౌర్యమును, కప్పులేని గుడిసెలలో చలిలో వానలో ప్రసవించు తల్లుల బాధను అందు ఆమె చెప్పెను. వేదములపై తమకధికారము లేనిచో తమ మతమేదో చెప్పుమని దేవునే అడిగెను. మరియొక సంగతి వ్రాసెను. దానిని చదివినపుడు మాకు గుండె ఝల్లుమనెను. పై కులపు పిల్లలు రాళ్ళు విసరి తమ పిల్లలకు నెత్తురు వచ్చునట్లు గాయము చేసినను, వీరు మారు పలుకరట. ఏలయన, మిగిలిన అన్నము కొరకు ఆ ఇండ్లకే మరల పోయి చేయిచాపవలసి యుండునని భయము.

రాయి విసరిన పిల్లవానికి ద్వేషము పుట్టుకతో వచ్చినదా? కాదు. పెద్దల నోట విన్నది చేతితో చేసెను. రాతిదెబ్బ తిన్న పిల్లకు మౌనము పుట్టుకతో వచ్చినదా? కాదు. అదియు ఇంట నేర్పినదే. ఇద్దరును తమ తమ పాఠములను చక్కగా అప్పగించుచున్నారు! సావిత్రీబాయి చేసినదేమనగా, ఆ రెండవ పిల్లకు నోరిచ్చినది. దెబ్బ తిన్నవారు నోరు తెరచి ఇది అన్యాయమని వ్రాయగలిగిననాడు, కొట్టినవాడు తన చేతివంక ఒక్కసారియైనను చూచుకొనును. జ్ఞానోదయ పత్రికను చదివినవారు చాలవరకు ఆ రాళ్ళు విసరిన ఇండ్ల వంటి ఇండ్లవారే యని మరువరాదు. పదునాలుగేండ్ల పిల్ల వ్యాసము పెద్దలకు పాఠమయ్యెను.

తన పుట్టింట సైతము సావిత్రీబాయికి ఈ పోరు తప్పలేదు. 1856లో జబ్బుపడి నాయ్‌గావ్‌లో నుండగా, తమ్ముడే ఆమెను నిందించెను. అంటరానివారికి చదువు చెప్పి కులమునకు తలవంపులు తెచ్చుచున్నారనియు, కులాచారము పాటింపవలెననియు అనెను. ఆమె కోపింపలేదు. మేకను ఆవును ముద్దుపెట్టుకొను నీవు, నాగపంచమినాడు పామునకు పాలు పోయు నీవు, సాటి మనిషిని అంటరానివాడందువా, కారణమేమి యని తీరికగా ప్రశ్నించెను. తమ్ముడు తల వంచెను. పక్కను విన్న తల్లి కన్నీరు పెట్టుకొనెను. జరిగినదంతయు ఆమె భర్తకు లేఖగా వ్రాసెను. అంతకు రెండేండ్ల ముందే, 1854లో, కావ్యఫులే యను ఆమె పద్యసంపుటి అచ్చయి యుండెను. ఆమె మంచి కవయిత్రి, కాని ఈ లేఖలలో కనబడు మనిషియే మాకు మరింత చేరువగా తోచును.

1857 తరువాత విరాళములు తగ్గి పాఠశాలలు ఇబ్బంది పడెను. దంపతుల పని బడి గోడలు దాటి ఇంటిలోనికి వచ్చెను. 1863లో, మోసపోయి గర్భవతులైన వితంతువులు బిడ్డలను చంపుకొనకుండ వచ్చి ప్రసవించుటకు తమ యింటనే ఆశ్రయము కల్పించిరి. అట్లు వచ్చిన కాశీబాయి అను బ్రాహ్మణ వితంతువు బిడ్డను 1874లో దత్తు చేసికొని యశవంతుడని పేరిడి పెంచిరి. 1868లో తమ పెరటి నీటితొట్టిని అంటరానివారికి తెరచియుంచిరి. ఆ యేటనే నాయ్‌గావ్‌నుండి సావిత్రీబాయి వ్రాసిన లేఖలో మరియొక ఘట్టము గలదు. గణేశుడను బ్రాహ్మణ యువకుడును, శార్జా యను మహర్ కన్యయు ప్రేమించుకొనగా, ఊరివారు వారిరువురిని వీథులవెంట కొట్టుచు చంపుటకు కొనిపోవుచుండిరి. ఆమె పరుగున పోయి అడ్డుపడి, ఇంగ్లీషువారి చట్టము ఊరకుండదని భయపెట్టి, ఇరువురి ప్రాణములు కాపాడెను. తరువాత వారిని భర్తవద్దకు పంపెను. బడిలో మెల్లగా బోధించు నోరే వీథిలో గట్టిగా గద్దింపనేర్చెను.

ఇక మన తెలుగువారి సంగతి. బొంబాయి నగరమున కామాఠీపురమను పేట ఎవరి పేర వెలసినదో మన పెద్దలకు తెలియును. తెలుగుదేశమునుండి వలసవచ్చి, రాళ్ళు మోసి, సున్నము కలిపి ఆ నగరమును కట్టిన కామాఠీల పేర వెలసినది. 1873 సెప్టెంబరు 24వ తేదీని జోతీరావు సత్యశోధక సమాజమును స్థాపించినపుడు, బొంబాయిలో దానికి అండగా నిలిచినవారిలో తెలుగువారు ముఖ్యులు. వ్యంకూ బాళాజీ కాలేవారు, జాయా కరాడీ లింగు, నర్సింగరావు సాయబు వడ్నాల, రామయ్య వెంకయ్య అయ్యవారు అనువారి పేర్లు ఆ సమాజ చరిత్రలో కనబడును. వారిలో కంట్రాక్టు పనులు చేసి ధనము గడించినవారుండిరి. సమాజమునకు 1,200 రూపాయల విలువగల అచ్చుయంత్రమును కొని యిచ్చినదియు తెలుగు మిత్రులే. వారి యింటి భాష తెలుగు, జోతీరావు వ్రాసిన భాష మరాఠీ. భాష వేరైనందున ఆ పని తమది కాదని వారనుకొనలేదు.

ఫూలే దంపతులు తమ యింట విద్యార్థులకు వసతియు నడపిరి. నానా కులముల బాలురు, బొంబాయినుండి వచ్చినవారు సైతము, ఆ యింట ఉండి చదువుకొనిరి. అట్టివారిలో లక్ష్మణ్ కరాడీ జాయా ఒకడు. సావిత్రీబాయి తమ్ము కన్నతల్లికంటె మిన్నగా చూచెనని ఆయన పెద్దవాడైన తరువాత తలచుకొనెను. మహాదూ సహాదూ వాఘోలే అను వేరొక విద్యార్థియు ఆమె దయను, నిరాడంబరతను గూర్చి వ్రాసియుంచెను. ఒక పంక్తిని అన్నము తిన్న పిల్లలకు కులభేదమును గూర్చి ఉపన్యాసము వేరుగా చెప్పవలసిన పని యుండదు. మన పాఠశాలలలో మధ్యాహ్న భోజనమునకు కూర్చుండునపుడు ఎవరెవరు ఎవరెవరికి దూరముగా జరుగుదురో తలిదండ్రులును, మేమును ఒక్కసారి కనిపెట్టి చూచుట మంచిది.

1876, 77 సంవత్సరముల కరవులో ఆమె జున్నరు ప్రాంతమున తిరిగి, ఆకలిగొన్న పిల్లలకు అన్నము పెట్టించు పనిలో మునిగెను. 1890 నవంబరు 28వ తేదీని జోతీరావు మరణించెను. చితికి ముందు నిప్పుకుండ మోయుటకు దత్తపుత్రునకు హక్కులేదని బంధువులు తగవు పెట్టగా, సావిత్రీబాయియే ముందుకు వచ్చి ఆ కుండ పట్టుకొని నడచెను. స్త్రీ శ్మశానమునకు పోవుటయే లేని కాలమున ఆమె స్వయముగా భర్తకు అగ్నిసంస్కారము చేసెను. 1893లో సాస్వడ్‌లో జరిగిన సత్యశోధక సభకు ఆమెయే అధ్యక్షురాలు.

1897లో పూణె నగరమును ప్లేగు పట్టుకొనెను. వైద్యుడైన యశవంతుడు ఊరి వెలుపల పొలములో రోగులకు చికిత్సాలయము తెరచెను. అంటువ్యాధియని బంధువులే దగ్గరకు పోవుటకు జంకుచున్న దినములవి. వెలివాడలలోని రోగులనైతే తలచువారే లేరు. సావిత్రీబాయికి అరువదియారేండ్లు. ముంఢవా గ్రామపు మహర్‌వాడలో పాండురంగ్ బాబాజీ గాయక్వాడ్ అను బాలునకు ప్లేగు సోకినదని విని ఆమె పోయెను. పిల్లవానిని తన వీపుపై మోసికొని చికిత్సాలయమునకు చేర్చెను. అట్లు మోసికొనివచ్చుటలో ఆ వ్యాధి ఆమెకు సోకెను. మార్చి 10వ తేదీని ఆమె మరణించెను. పిల్లవాడు బ్రతికెను.